విశాఖలోని విజ్ఞానయోగి

సన్న్యాసికి ప్రయోగశాలతో నేమి పని యని యడుగువారికి స్వామి జ్ఞానానందుల జీవితమే సమాధానము. 1896వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన భీమవరము చెంతనున్న గొరగనమూడి గ్రామమున భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగా జన్మించిన యీ మహనీయుడు యౌవనముననే గృహము విడిచి, హిమాలయములలో యోగసాధన మొనర్చెను.

1927లో జర్మనీ కేగిన పిమ్మట ఐన్‌స్టయిను సాపేక్ష సిద్ధాంతము ఆయన దృష్టిని భౌతికశాస్త్రము వైపునకు మరలించెను. ముప్పదియేండ్లు దాటిన పిదప గురుపీఠము దిగి విద్యార్థుల నడుమ గూర్చుండుట సామాన్యమా? ప్రేగులోని చార్లెస్ విశ్వవిద్యాలయమున ఎక్స్‌రే వర్ణపటములను, లివర్‌పూలులో న్యూట్రానును కనుగొన్న చాడ్విక్కు కడ బీటా కిరణములను పరిశోధించి పట్టములను బడసెను.

ఈ బీటా కిరణముల పరిశోధనకు మూలసూత్ర మొక్కటి కలదు. విద్యుదావేశముగల రేణువు అయస్కాంత క్షేత్రమున బడినచో దాని త్రోవ వంగును. ఆ వంపును గొలిచినచో దాని శక్తి తెలియును. ఆకాశమునందును ఈ సూత్రమే వర్తించుచున్నది. సుదూరమునుండి వచ్చు విశ్వకిరణములు దారిలోని అయస్కాంత క్షేత్రములచే పలుమారులు వంగి, పుట్టినచోటి జాడను గోల్పోయి, దాదాపు అన్ని దిక్కులనుండియు సమముగనే భూమిని జేరుచున్నవి. మహాశక్తిగల కిరణములలో సయితము మిగిలిన దిగ్భేదము తరచు వేయింట నొక వంతునకు మించదు. ఉదకమండలమున మన శాస్త్రజ్ఞులు గొలుచుచున్న దీ స్వల్పభేదమునే. కోట్లకొలది రేణువులను లెక్కించినగాని యది గోచరింపదు. వాయుపీడనమందలి మార్పును, యంత్రమందలి లోపమును ఆకాశపు వార్తగా భ్రమింపకుండుటకు యోగికుండు నిగ్రహమే కావలెను.

స్వరాజ్యము సిద్ధించిన కాలమున స్వామి స్వదేశమునకు మరలి, ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేసెను. పిదప ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులు వాసిరెడ్డి శ్రీకృష్ణగారి ఆహ్వానముపై విశాఖకు వచ్చి, అణుభౌతిక శాస్త్రశాఖకు పునాది వేసెను. 1956లో నది ప్రత్యేక శాఖయయ్యెను. 1965లో పదవీ విరమణ మొనర్చి, 1969 సెప్టెంబరు 21న పరమపదించెను.

విశాఖకు రేవు కలదు. ఉక్కు కర్మాగారము కలదు. ఓడలో విదేశయంత్రము దిగుట వాణిజ్యము; దానిని విప్పి, సరిచూచి, దాని తప్పొప్పులను మన మెరుగుట విజ్ఞానము. ఇతరులు కొలిచి చెప్పినదానిని నమ్ముటతో తృప్తినొందు జాతికి రాజకీయ స్వాతంత్ర్యమున్నను బుద్ధిస్వాతంత్ర్యము కొరతయే. ఆయన పేర వెలసిన ప్రయోగశాలకు పూలమాలలకంటె నిత్యప్రయోగమే తగిన యర్చన. అందులకు వలయు ధనమును పాలకులును, ఓర్పును యువకులును సమకూర్తురు గాక!