కోట కూలిన పిమ్మట పాపారాయుడు

బొబ్బిలి కోట కూలిన దినమున తాండ్ర పాపారాయుడు కోటలో లేడు. తెలుగుదేశమున ఆ యుద్ధకథ విననివారు అరుదు. విన్నవారికి మొదట స్ఫురించు పేరు పాపారాయునిదే. కోటను కాచుచు మడిసినవారి కంటె, కాచుటకు వేళకు అందుకొనలేకపోయిన వీరుని జనము ఎక్కువగా తలచుకొనుట విచారింపదగిన విషయము.

పాపారాయుడు వెలమ వీరుడు. బొబ్బిలి ప్రభువైన రంగారావు కొలువున సేనానాయకుడు. రాణి మల్లమ్మదేవికి సోదరుడని సంప్రదాయము. ఆతని నెలవు రాజాము. బొబ్బిలికి ఒక పగటి నడకలో చేరదగిన ఈ ఊరు చాలకాలము శ్రీకాకుళం జిల్లాలో ఉండి 2022లో విజయనగరం జిల్లాలో చేరినది. బొబ్బిలి అను పేరునకు పెద్దపులితో చుట్టరికము చెప్పుదురు. ఆ పులి పేరే జనుల నోట పాపారాయునికి బిరుదమైనది.

బొబ్బిలికిని విజయనగరమునకును తగవు పాతది. దాని మూలములలో వాగుల నీరు మళ్ళించుకొనుట ఒకటి. చేని గట్టున నీటి వంతుకై అన్నదమ్ములు తలలు పగులగొట్టుకొనుట ఎరిగిన మన పల్లెలవారికి ఇది వింత కాదు. అయితే ఆ గట్టు తగవులోనికి ఫిరంగులు వచ్చినవి. 1753లో నిజాము సలాబత్ జంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చినాడు. 1756 చివర వారి సేనాని బుస్సీ ఈ సీమలకు వచ్చినప్పుడు విజయనగర ప్రభువు విజయరామరాజు ఆతనితో చెలిమి చేసినాడు. రంగారావును బొబ్బిలి నుండి కదల్పవలెనని ఆయన కోరిక. వేరొకచోట భూములిచ్చెదము, పూర్వుల కోట విడువుమని బుస్సీ కబురంపినాడు. రంగారావు విడువలేదు. ఇంతలో బొబ్బిలి అడవిదారిన పోవు సిపాయిల దళమొకటి దాడికి గురియై ముప్పదిమంది చనిపోయినారు. ఆ నెపము చాలినది.

1757 జనవరి 24. తెల్లవారుజామున ఫిరంగులు మట్టికోట బురుజులపై మొదలైనవి. తొమ్మిది గంటలకు గోడల తలలు కొంత విరిగినవి. నాలుగు దళములు ఒక్కసారి నిచ్చెనలు వేసినవి. ఒక్కడును గోడ దాటలేదు. లోనివారు గోడతలపై బయటపడి నిలిచి, ఎక్కివచ్చువానిని కౌగిలించి నిచ్చెనతోకూడ క్రిందికి త్రోయజూచినారు. వెనుకనున్న తుపాకులవారికి వారు సులభమైన గురులైనారు. లొంగినచో ప్రాణము విడుతుమని ఫ్రెంచివారు పదేపదే పిలిచినను వినినవాడు లేడు. మధ్యాహ్నము రెండు గంటలైనను గోడ వశము కాలేదు.

అప్పుడు రంగారావు ముఖ్యులను పిలిచి కోట నిలువదని తేల్చినాడు. ఆడవారును పిల్లలును శత్రువుల చేతికి చిక్కరాదు. ఆ పనికి కొందరు నియుక్తులైనారు. వారు కాగడాలు, బల్లెములు, బాకులు పట్టి తమ ఇండ్లకే నిప్పంటించినారు. మంటను తప్పించుకొని వెలికి వచ్చిన ఆలిని, బిడ్డను తామే పొడిచినారు. పని ముగించి మరల గోడల మీదికి వచ్చినారు. ఆ వచ్చినవారు ఇక మునుపటి మనుష్యులు కారు. గెలువవలెనని కాదు, తాము చేసిన దానితో మరొక ఝాము బ్రతుకలేక వారు గోడ మీద నిలిచినారు. శత్రువు చంపకముందే యుద్ధము వారిని చంపినది. ఈ యుద్ధమును వీరరస కావ్యముగానే చదువుకొనువారు ఈ ఘట్టముకడ ఒక్కక్షణము ఆగుట మేలు.

మంట చూచి గోడల మీద మనుష్యులు తగ్గినారని ఒక దళపతి గ్రహించి మరల దాడి చేసినాడు. తుపాకి గుండు తగిలి రంగారావు ఒరిగినాడు. కోట పడినది. ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ 1778లో వెలువరించిన సంపుటమున ఈ వృత్తాంతము విపులముగా వ్రాసినాడు. లోపలికి వచ్చిన సైనికులు ఆ బూడిదను, శవములను చూచి విజయమును మరచి, ఒకరి మొగమొకరు చూచుకొని మ్రాన్పడినారనియు, మిక్కిలి కఠినులు సైతము కన్నీరు ఆపుకొనలేదనియు ఆయన చెప్పినాడు. ఒక వృద్ధుడు చేయిపట్టి నడిపించుకొని వచ్చిన రంగారావు కుమారుడొక్కడు వారికి కొంత ఊరట. తండ్రి ఆజ్ఞను దాటి ఆ ముసలివాడు బాలుని దాచినాడు. లోపలి సంగతి విన్న బుస్సీ కోటలో అడుగుపెట్టక తన గుడారముననే ఉండిపోయినాడు.

ఇక పాపారాయుడు. సైన్యము తన దారినే వచ్చునని ఆతడు రాజాములో కాచుకొని యుండగా అది వేరు దారి పట్టినదని సంప్రదాయము. వార్త తెలిసి పరుగున వచ్చుసరికి పొగ తప్ప కోట లేదు, ప్రభువు లేడు, తోబుట్టువు లేదు. మూడవ రాత్రి ఆతడు తోడివీరులతో శత్రుశిబిరము చొచ్చి విజయరామరాజును గుడారములో సంహరించి, పిమ్మట తానును ప్రాణము విడిచినాడు.

ఓర్మ్ చెప్పినది కొంత వేరు. ఆయన వ్రాతలో పాపారాయుని పేరు లేదు. రంగారావు భటులు నలుగురు కోటలో నక్కియుండి, రాత్రి గోడ దిగి, భాష ఒకటే కావుటచేత శత్రువుల నడుమ నుండియే నడచి పొదలలో చేరినారు. రెండు దినములైన తరువాత ఇద్దరు గుడారము వెనుక నుండి ప్రాకి దూరి, నిద్రించుచున్న రాజును ముప్పదిరెండు పోట్లు పొడిచినారు. కావలివారు వారిని అక్కడనే కాల్చివైచినారు. వీరు తప్పినచో పని పూర్తిచేయుటకు తక్కిన ఇద్దరు ప్రతిన పట్టి అడవిలో ఉన్నారు.

చరిత్ర ఆ భటులకు పేరు పెట్టలేదు. పాట పేరు పెట్టినది. దిట్టకవి నారాయణకవి రంగరాయ చరిత్రము పండితులకు కావ్యమైనది. పెద్దాడ మల్లేశము బొబ్బిలి కథ తంబురా పట్టినవారి నోట ఊరూర తిరిగినది. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు 1956లో దానిని పరిష్కరించి అచ్చుకు తెచ్చినారు. కథకులకు చావని వీరుడొకడు కావలెను; అన్నియు పోయిన తరువాత బూడిద ముందు నిలిచి చూచుటకు ఒక మనిషి కావలెను. ఆ మనిషి పాపారాయుడు. ముప్పదిరెండు పోట్లు ఒక ప్రాణము తీయుటకు అక్కరలేదు. ఆ లెక్కలో పగకంటె దుఃఖమే ఎక్కువ.

తిక్కన తెలిగించిన సౌప్తికపర్వము చదివినవారికి ఇక్కడ అశ్వత్థామ జ్ఞప్తికి రాక మానడు. ఆతడును తండ్రిని పోగొట్టుకొని, రాత్రివేళ నిద్రించుచున్నవారి శిబిరము చొచ్చినాడు. వ్యాసుడు ఆతనికి చావు ఈయలేదు. పుండ్లతో దిక్కులేక తిరుగు దీర్ఘాయువు ఇచ్చినాడు. మన కథకులు దయగలవారు. పాపారాయునికి నాలుగవ ఉదయము చూపలేదు. పాశ్చాత్యులలో రెమార్క్ 1929 నాటి నవలలో, మొదటి ప్రపంచయుద్ధము నడుమ సెలవుపై వచ్చిన కుఱ్ఱ సైనికునికి తన ఇల్లే పరాయిదైనట్లు చూపినాడు. పాపారాయునికి పరాయిదగుటకైనను ఇల్లు మిగులలేదు.

1964 నాటి బొబ్బిలి యుద్ధం చిత్రమున ఎస్.వి. రంగారావు ఈ పాత్ర ధరించినారు. 1986లో కృష్ణంరాజు కథానాయకుడుగా ఆ వీరుని పేరుననే మరొక చిత్రము వచ్చినది. తెరమీద గర్జనయే మనకు గుర్తుండుట సహజము. రాజాము నుండి బొబ్బిలి దాక ఆతడు వచ్చిన దారిని మాత్రము మన ఊహలో మనమే నడువవలసి యున్నది.

గెలిచినవారి మాటయు చెప్పవలెను. విజయరామరాజు తన విజయమును మూడు దినములు మాత్రమే అనుభవించినాడు. ఆయన తరువాతి ఆనందగజపతి ఫ్రెంచివారిని విడిచి ఇంగ్లీషువారితో చేరినాడు. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచివారు ఓడినారు. 1794 జూలై 10న పద్మనాభము వద్ద అదే ఇంగ్లీషు కంపెనీ సేన ఎదుట విజయనగర ప్రభువు, మరొక విజయరామరాజు, నేలకొరిగినాడు. ఆ సంవత్సరమే, వృద్ధుడు దాచిన నాటి బాలుడు చినరంగారావునకు కంపెనీవారు బొబ్బిలిని తిరిగి ఇచ్చినారు. మంటలు రేగిన నాటికి ముప్పదియేడు సంవత్సరములు గడచినవి.