కడలి యడుగున వార్తాపథము: సైరసు ఫీల్డు జీవితము

నేడు పల్లెలోని తల్లి చేతిలోని ఫోనున మాటలాడిన తోడనే అమెరికాలోనున్న కుమారుడు వినుచున్నాడు. ఈ మాటలు ఆకాశమున ఉపగ్రహముల మీదుగా పోవుచున్నవని పలువురు తలంతురు. చాలవఱకు అది సత్యము కాదు. ఫోను నుండి దాపున నున్న టవరు వఱకే మాట గాలిలో తరంగమై పోవును. అచ్చటి నుండి నేలలో పాతిన గాజుపోగుల త్రాళ్లలో సాగి, సముద్రతీరము చేరి, కడలి యడుగున పఱచిన త్రాళ్ల వెంట ఖండములను దాటును. ఖండాంతరములకు పోవు సమాచారములో నూటికి 95 పాళ్లకు మించి ఈ మార్గముననే పోవుచున్నది. పూర్వకవులు హంసచేతను మేఘముచేతను సందేశము లంపించిరి. మహాసముద్రపు టడుగున వార్తకు త్రోవ వేయుటకై తన సర్వస్వమును ఒడ్డినవాడు సైరసు వెస్టు ఫీల్డు. ఈయన శాస్త్రజ్ఞుడు కాడు, యంత్రనిర్మాత కాడు, కాగితముల వర్తకుడు.

ఫీల్డు 1819వ సంవత్సరము నవంబరు 30వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మసాచుసెట్సు రాష్ట్రమున, స్టాక్‌బ్రిడ్జి అను చిన్న యూర, ఒక క్రైస్తవ మతగురువు ఇంట జన్మించెను. 15 ఏండ్ల ప్రాయమున న్యూయార్కు నగరము చేరి, ఒక బట్టల అంగడిలో పనిపిల్లవాడుగా కుదిరెను. పిమ్మట కాగితముల వ్యాపారమున దిగి ఒక సంస్థలో భాగస్థుడయ్యెను. 1841లో ఆ సంస్థ దివాలా తీసెను. ఋణదాతలు దొరకినంత పుచ్చుకొని, మిగిలిన దానికి ఫారిఖత్తు వ్రాసి యిచ్చిరి. ఫీల్డు అధైర్యపడక స్వంత పేరిట వ్యాపారము ప్రారంభించి, పండ్రెండేండ్లలో ధనవంతుడయ్యెను. అంతట తన పాత ఋణదాతలను ఒక్కొక్కరినే వెదకి, వారు వదలుకొనిన బాకీలను వడ్డీతో సహా చెల్లించెను. చట్టము అడుగలేదు, అప్పిచ్చినవారును అడుగలేదు. చిట్టాలో కొట్టివేసిన పద్దును మనస్సులో కొట్టివేయని ఈ గుణమే ఆయన తరువాతి కథకంతకును మూలము.

1854లో గిస్బోర్ను అను ఇంజనీరు ఫీల్డును దర్శించెను. అమెరికా ఖండపు తూర్పుకొసనున్న న్యూఫౌండ్లాండు దీవి మీద తంతి వేయబూని, ధనము చాలక చితికిపోయినవాడు ఆయన. అతిథి వెడలిన పిమ్మట ఫీల్డు తన గ్రంథశాలలోని భూగోళమును త్రిప్పి చూచెను. న్యూఫౌండ్లాండు దనుక తంతి రాగా, అచ్చటి నుండి ఐర్లండునకు సముద్రపు టడుగున ఏల పోరాదను తలంపు ఆయనకు గలిగెను. వెంటనే సముద్రశాస్త్రజ్ఞుడగు మోరీకిని, తంతి విద్యలో ప్రసిద్ధుడగు మోర్సునకును లేఖలు వ్రాసెను. ఉభయులును సాధ్యమేయని ప్రోత్సహించిరి.

నాటి తంతి నిర్మాణము తెలిసికొనదగినది. ఏడు సన్నని రాగితీగలను పేని, వానిపై మలయా ప్రాంతపు చెట్ల పాలనుండి వచ్చు గటాపర్చా అను బంకను మూడు పూతలు పూయుదురు. ఉప్పునీరు రాగిని తాకకుండ కాపాడునది ఆ బంకయే. దానిపై తారులో తడిపిన జనుపనారను, ఆపైన ఇనుపతీగల కవచమును చుట్టుదురు. ఈ పనికి 1856లో ఇంగ్లండున ఒక కంపెనీ యేర్పడెను. దాని మూలధనము 3,50,000 పౌనులు. అందు సుమారు నాల్గవ వంతు వాటాలను ఫీల్డు తానే తీసికొనెను.

1857 ఆగస్టులో ఐర్లండు తీరము నుండి పని ప్రారంభమయ్యెను. మూడు వందల మైళ్లకు పైగా దింపిన తరువాత త్రాడు తెగి సముద్రగర్భమున పడెను. 1858 జూనులో రెండు ఓడలు నడిసముద్రమున కలిసికొని, త్రాడును అతికి, చెరియొక దిక్కునకు సాగెను. మాటిమాటికి త్రాడు తెగెను. కంపెనీ పెద్దలలో కొందఱు మిగిలిన త్రాడును అమ్మివేయుదమనిరి. ఫీల్డు వారిని ఒప్పించి మఱల ఓడలను పంపించెను. 1858 ఆగస్టు 5వ తేదీన త్రాటి రెండు కొనలును రెండు తీరములను చేరెను. ఇంగ్లండు రాణి విక్టోరియా అమెరికా అధ్యక్షుడు బుకానను పేర 98 మాటల సందేశము పంపెను. అది చేరుటకు సుమారు 16 గంటలు పట్టెను. అయినను జనుల యుత్సాహమునకు మేర లేదు. న్యూయార్కులో కాల్చిన బాణసంచా వలన నగర సభామందిరపు గోపురమే అంటుకొనెను.

ఆ త్రాడు నెల తిరుగకముందే మూగవోయెను. వైట్‌హౌసు అను కంపెనీ విద్యుత్ నిపుణుడు 2,000 వోల్టుల వఱకు బలమైన ప్రవాహమును పంపుటచే, ముందే దుర్బలమైయున్న గటాపర్చా పూత చెడెను. ఐనను ఆ స్వల్పకాలమున అది చేసిన మేలొకటి కలదు. భారతదేశమున 1857లో చెలరేగిన తిరుగుబాటునకై కెనడా నుండి కదలవలసిన రెండు పటాలములను ఆపివేయుచు ఇంగ్లండు ప్రభుత్వము ఈ త్రాటిపై ఉత్తర్వు పంపెను. దానివలన మిగిలిన ధనము సుమారు 50,000 పౌనులని లెక్కకట్టిరి. అయినను లోకము దానిని తలపలేదు. నిన్న పొగడిన నోళ్లే, అసలు వార్తయే రాలేదనియు, ఇదంతయు వాటాలమ్ముకొనుటకై ఆడిన నాటకమనియు ఫీల్డును నిందించెను.

1860 డిసెంబరులో ఆయన కాగితముల వ్యాపారము మఱల కూలెను. ఉన్న యాస్తిని తాకట్టు పెట్టవలసి వచ్చెను. ఋణదాతలతో రెండవమారు రాజీ చేసికొనెను. అంతలో అమెరికాలో అంతర్యుద్ధము పుట్టెను. 1865 ఏప్రిలులో అధ్యక్షుడు లింకను హత్యకు గురియైన వార్త ఓడమీద లండను చేరుటకు పండ్రెండు రోజులు పట్టెనన్నచో, త్రాడు లేని లోటు ఎట్టిదో గ్రహింపవచ్చును.

అపయశస్సు పాలైన మనుష్యుడు మఱల ధనమడిగినచో ఎవరిత్తురు? ఫీల్డునకు ఇచ్చిరి. అప్పుల విషయమున ఆయన నడవడిని వర్తకలోక మెఱిగియుండెను. ఆ త్రాటికొఱకు ఆయన అట్లాంటిక్ సముద్రమును ముప్పదిసార్లకు మించి దాటెను. శాస్త్రజ్ఞుడగు విలియం థామ్సను ఆయనకు తోడ్పడెను. చిన్న అయస్కాంతమునకు అద్దపుతునక నంటించి, దానిపై దీపకాంతిని పడనిచ్చి, ఆ వెలుగు ఎడమకు కుడికి కదలుటను బట్టి వార్తను చదువు సాధనమును ఆయన కల్పించెను. దీనివలన అతిస్వల్ప విద్యుత్తుతోనే పని జరిగెను.

1865లో త్రాడంతయు మోయగల గ్రేటు ఈస్టర్ను అను మహానౌక బయలుదేరెను. 1,200 మైళ్లు పఱచిన తరువాత త్రాడు తెగెను. రెండు మైళ్లకు మించిన లోతున కొక్కెములు వేసి పలుమారులు పట్టిరి. పైకి లాగునప్పుడు మోకులు తెగెను. 1866 జూలై 27వ తేదీన క్రొత్తత్రాడు న్యూఫౌండ్లాండు తీరము చేరెను. ఓడ అంతటితో నిలువక వెనుకకు మరలి, మునుపటి సంవత్సరము పోయిన త్రాటి కొనను సెప్టెంబరులో పట్టి పైకి తీసెను. దానిని అతికి పూర్తిచేయగా రెండు త్రాళ్లు పనిచేయజొచ్చెను. మొదట 20 మాటల వార్తకు 20 పౌనులు రుసుము.

ఆ సంవత్సరముననే ఫీల్డు, 1860లో రాజీ పడిన ఋణదాతలకు మిగిలిన బాకీని వడ్డీతో చెల్లించెను. 1867లో అమెరికా శాసనసభ బంగారు పతకముతో ఆయనను గౌరవించెను. కాని చరమదశ సుఖముగా గడువలేదు. 1887లో న్యూయార్కు రైలుకంపెనీ వాటాల బేరములో సంపదలో అధికభాగము నశించెను. 1892 జూలై 12వ తేదీన ఆయన పరమపదించెను. పుట్టిన యూరనే సమాధి కలదు.

గ్రేటు ఈస్టర్ను నౌకయే 1870లో బొంబాయికిని ఏడెనునకును నడుమ త్రాడు పఱచి భారతదేశమును ఇంగ్లండుతో కలిపెను. నేడు ముంబయి, చెన్నై తీరములకు వచ్చుచున్న త్రాళ్లలో రాగికి మారుగా, వెండ్రుకవంటి గాజుపోగులు వార్తను మోయుచున్నవి. అట్టి త్రాడు అట్లాంటిక్ సముద్రమున మొదట 1988లో పని ప్రారంభించెను. వార్తను చిన్నచిన్న తునకలు చేసి, ఒక్కొక్క దానిపై చేరవలసిన చిరునామా వ్రాసి, వెలుగు మినుకులుగా పంపుదురు. ఆవలి కొన యంత్రము వానిని వరుసగా కూర్చుకొనును. దారిలో వెలుగు సన్నగిల్లకుండ అచ్చటచ్చట బలమిచ్చు యంత్రములుండును. భారతదేశమున తంతివార్తల సేవ 2013 జూలైలో ముగిసెను; సముద్రపు టడుగున ఫీల్డు చూపిన త్రోవ మాత్రము నిలిచియున్నది.

విఘ్నభయమున పని మొదలుపెట్టని వారిని, విఘ్నము రాగా విడిచిపెట్టువారిని, ఎన్ని విఘ్నములు వచ్చినను విడువని వారిని భర్తృహరి మూడు తరగతులుగా చెప్పెను. ఫీల్డు మూడవ తరగతివాడు. ఐనను పట్టుదల యొక్కటియే ఆయనను గట్టెక్కింపలేదు. త్రాడు తెగిన ప్రతిసారియు పరుల సొమ్ము సముద్రము పాలయ్యెను. అయినను వారు మఱల నమ్మిరి. గ్రంథశాలలోని భూగోళము ఆయనకు తలంపు నిచ్చెను. ఆ తలంపు నెరవేరుటకు కావలసిన పరపతిని మాత్రము, ఎవరును అడుగని బాకీని తీర్చిన నాడే ఆయన సంపాదించెను.