కిటికీలోంచి చూసిన ఎన్నికలు

మున్సిపల్ ఎన్నికల పోలింగు రోజు పొద్దున్నే మా ఇంట్లో చిన్న గొడవ జరిగింది. మా వార్డులో రెండు పెద్ద పార్టీల వాళ్లు కాక మూడో ఆవిడ ఒకరు ఇండిపెండెంటుగా నిలబడ్డారు. కొళాయి నీళ్ల కోసం, సందు చివర మద్యం దుకాణం ఎత్తేయించడం కోసం మాతో కలిసి కాళ్లరిగేలా తిరిగిన మనిషి. నేను ఆవిడకే వేస్తానన్నాను. మావారు కాఫీ గ్లాసు కింద పెట్టి, ఓటు మురగబెట్టుకోవడం తప్ప ఒరిగేదేముంది, నీలాంటి వాళ్లు ఓట్లు చీలిస్తే మనకి నచ్చనివాడే గెలిచి కూర్చుంటాడు అన్నారు. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆలోచనలో పడితే ఉప్మా పోపు మాత్రం మాడిపోయింది.

జవాబు వెతుక్కుంటుంటే గుర్తొచ్చిన మనిషి ఫ్రాన్సెస్ విలార్డ్. అమెరికా ఆవిడ. చనిపోయి నూట పాతికేళ్లు దాటింది. డిగ్రీలో చరిత్ర చదివేటప్పుడు ఈమె పేరు ఒక్క ముక్కలో దాటిపోయింది. తర్వాత ఆమె జీవితం గురించి చదివితే, మావారూ నేనూ పడ్డ గొడవే ఒక దేశమంతా పడిందని తెలిసింది.

విలార్డ్ 1839 సెప్టెంబరు 28న న్యూయార్క్ రాష్ట్రంలోని చర్చ్‌విల్ అనే ఊళ్లో పుట్టింది. ఆమెకు ఏడేళ్లు వచ్చేసరికి కుటుంబం విస్కాన్సిన్ ప్రాంతంలో జేన్స్‌విల్ దగ్గర వ్యవసాయానికి వెళ్లిపోయింది. చుట్టూ పొలాలు, అడవి. అన్న ఆలివర్, చెల్లెలు మేరీ, మధ్యలో ఈమె. ఇంట్లో ఆమెని ఫ్రాంక్ అని మగపిల్లాడి పేరుతో పిలిచేవారు. చెట్లెక్కడం, పరుగెత్తడం అంటే ప్రాణం. పదిహేడేళ్లు రాగానే జడ పైకి చుట్టి, పాదాల దాకా పొడుగు గౌను తొడిగి, ఇక నువ్వు పెద్దదానివయ్యావన్నారు. ఆ రోజు ఆమె ఎంత కుమిలిపోయిందో డైరీలో రాసుకుంది. ఓణీ వేసిన రోజున మనలో ఎంతమందిమి అలా బాధపడలేదూ!

అదే 1856లో అధ్యక్ష ఎన్నికలొచ్చాయి. ఆలివర్‌కి 21 ఏళ్లు నిండాయి. మంచి బట్టలు వేసుకుని, నాన్నతోనూ పనివాళ్లతోనూ బండెక్కి ఓటెయ్యడానికి బయల్దేరాడు. అక్కచెల్లెళ్లిద్దరూ కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నారు. ఫ్రాన్సెస్‌కి గొంతులో ఏదో అడ్డం పడింది, కళ్లు మసకబారి బండి కనపడకుండా పోయింది. మనకి మాత్రం దేశమంటే ప్రేమ లేదా, మన ఓటు దేశానికి అక్కర్లేదా అని చెల్లెల్ని అడిగింది. నిజమే కానీ పైకి అనకు, మొండి ఆడవాళ్లని అందరూ ఆడిపోసుకుంటారు అంది ఆ పిల్ల భయంగా.

ఇక్కడో ముచ్చట ఉంది. ఆ రోజు తండ్రీ కొడుకూ ఓటేసింది రిపబ్లికన్ పార్టీకి. అప్పటికి అది పుట్టి రెండేళ్లే. బానిసత్వాన్ని కొత్త ప్రాంతాలకు పాకనివ్వకూడదని పెట్టిన ఆ పార్టీ అధ్యక్ష పదవికి పోటీ చెయ్యడం అదే మొదలు. దాని అభ్యర్థి ఫ్రేమాంట్ ఓడిపోయాడు. కానీ నాలుగేళ్లు తిరిగేసరికి అదే పార్టీ తరఫున లింకన్ గెలిచాడు. నిన్నటి కొత్త పార్టీ రేపటి పెద్ద పార్టీ కావచ్చునన్న సంగతి విలార్డ్ కళ్లారా చూసింది.

ఆమె చదువుకుంది, టీచరైంది. కళ్లముందే 1862లో చెల్లెలు మేరీ పోయింది. కుదిరిన పెళ్లిని ఆమే వద్దనుకుంది. 1871లో ఎవాన్‌స్టన్‌లో ఆడపిల్లల కాలేజీకి ప్రెసిడెంటయింది. రెండేళ్లకి ఆ కాలేజీ నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో కలిసిపోయింది. విధి ఆట చూడండి, ఆ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడు ఆమె పెళ్లి వద్దనుకున్న చార్లెస్ ఫౌలరే! ఆయనతో పొసగక 1874లో ఉద్యోగం వదిలేసింది.

ఆ ముందు చలికాలంలోనే ఒహాయో రాష్ట్రంలో ఒక వింత జరిగింది. హిల్స్‌బరో అనే ఊళ్లో ఇల్లాళ్లు గుంపుగా బయల్దేరి, సారా దుకాణాల ముందు మోకరిల్లి ప్రార్థనలు చేసి, దుకాణాలు మూసేయమన్నారు. ఊరి నుంచి ఊరికి అది అంటుకుంది. ఇది చదువుతున్నప్పుడు నాకు మా అవ్వ గుర్తొచ్చింది. మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారాకి ఎదురు తిరిగిన వార్త ఊరూరా పాకినప్పుడు నేను చిన్నపిల్లని. మా అవ్వ నన్ను చంకనేసుకుని సారా ప్యాకెట్ల బండికి అడ్డం నిలబడిందని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. వాళ్లు వేరే దేశం, వీళ్లు వేరే దేశం. కానీ కూలి డబ్బులు కొంగున ముడేసుకునే లోపే దుకాణానికి చేరితే పడే ఏడుపు ఎక్కడైనా ఒకటే.

ఆ ఊపులోంచి 1874లో మహిళా మద్యవర్జన సంఘం పుట్టింది. విలార్డ్ దానికి కార్యదర్శి అయింది, 1879 నుంచి చనిపోయేదాకా అధ్యక్షురాలు. ఈ బాధ ఆమెకి పుస్తకాల్లో చదివింది కాదు. ఓటెయ్యడానికి బండెక్కి వెళ్లిన ఆ అన్న ఆలివర్ తాగుడికి లోబడిపోయి, 1878లో నడివయసులోనే కన్నుమూశాడు.

ప్రార్థనలతో మూసిన దుకాణాలు నెల తిరక్కుండా తెరుచుకునేవి. లైసెన్సు ఇచ్చేది ప్రభుత్వం, ప్రభుత్వాన్ని నిలబెట్టేది ఓటు. ఆ ఓటు ఆడవాళ్లకి లేదు. అందుకని విలార్డ్ ఓటు హక్కుని గృహరక్షణ అని పిలిచింది. హక్కు అంటే బెదిరిపోయే ఇల్లాళ్లు కూడా ఇంటిని కాపాడుకోవడం అనేసరికి దగ్గరికొచ్చారు. 1880లో ఆమె రిపబ్లికన్ అభ్యర్థి గార్‌ఫీల్డ్‌ని సమర్థించింది. గెలిచాక ఆయన మొహం చాటేసినట్టు అనిపించి నిరుత్సాహపడింది.

1884లో మళ్లీ ఎన్నికలు. రిపబ్లికన్ల మహాసభకి సంఘం వినతిపత్రం పంపింది. మద్యం సంగతి మీ ప్రణాళికలో పెట్టండి అని అడిగారు. వాళ్లు పట్టించుకోలేదు. ఓటు లేని ఆడవాళ్లు అలిగితే పోయేదేముంది అనుకున్నారేమో! అప్పుడు విలార్డ్ చిన్నపాటి మద్యనిషేధ పార్టీ వైపు తిరిగింది. పిట్స్‌బర్గ్‌లో జరిగిన ఆ పార్టీ సభలో జాన్ సెయింట్ జాన్ అభ్యర్థిత్వాన్ని బలపరుస్తూ మాట్లాడింది. ఆయన కాన్సాస్ గవర్నరుగా చేసినవాడు, నిన్నటి దాకా రిపబ్లికనే.

సంఘంలో పెద్ద దుమారం రేగింది. చాలామంది సభ్యురాళ్ల ఇళ్లలో తండ్రులు, భర్తలు రిపబ్లికన్లు. బానిసల్ని విడిపించిన పార్టీ అది. దాన్ని ఓడించి ఎవర్ని గద్దెనెక్కిస్తాం, దక్షిణాది పెత్తందారుల్ని వెంటేసుకున్న డెమొక్రాట్లనా అన్నది వాళ్ల వాదన. అయోవా నాయకురాలు ఎలెన్ ఫాస్టర్ ససేమిరా అంది. అది తీసిపారేసే వాదన కాదు. అయినా సంఘం విలార్డ్ మాటే నెగ్గించింది.

ఇక లెక్క చూడండి. అమెరికాలో అధ్యక్షుణ్ణి నేరుగా మొత్తం ఓట్లు కలిపి ఎన్నుకోరు. ఒక్కో రాష్ట్రానికి ఇన్నని ఎలక్టోరల్ ఓట్లుంటాయి. రాష్ట్రంలో ఒక్క ఓటు ఎక్కువొచ్చినా సరే, సాధారణంగా ఆ రాష్ట్రం ఓట్లన్నీ గంపగుత్తగా అతనికే. 1884లో డెమొక్రాట్ క్లీవ్‌లాండ్‌కి 219, రిపబ్లికన్ బ్లేన్‌కి 182 వచ్చాయి. అందులో న్యూయార్క్ వాటా 36. అది అటు కాక ఇటు పడి ఉంటే బ్లేన్‌కి 218, క్లీవ్‌లాండ్‌కి 183. అంటే అధ్యక్షుడే మారిపోయేవాడు.

అలాంటి న్యూయార్క్‌లో పదకొండు లక్షల పైచిలుకు ఓట్లు పోలైతే, క్లీవ్‌లాండ్ ఆధిక్యం వెయ్యికీ పన్నెండు వందలకీ మధ్య. అక్కడ సెయింట్ జాన్‌కి వచ్చినవి సుమారు 25 వేలు! ఆయన ఆ రాష్ట్రంలో రిపబ్లికన్లకి పట్టున్న ఎగువ జిల్లాల్లో గట్టిగా తిరిగాడు. ఆ 25 వేలల్లో ఇరవయ్యో వంతు రిపబ్లికన్లకి కలిసొచ్చినా కథ మారిపోయేది. 1856 తర్వాత ఒక డెమొక్రాట్ అధ్యక్షుడిగా ఎన్నికవడం అదే మొదలు. అంటే కిటికీ దగ్గర నిలబడి ఏడ్చిన ఆ ఏటి తర్వాత మళ్లీ ఇప్పుడే.

రిపబ్లికన్ల కోపం ఇంతా అంతా కాదు. ఊరూరా సెయింట్ జాన్ దిష్టిబొమ్మలు తగలబెట్టారు. కాన్సాస్‌లో ఆయన పేరు పెట్టిన జిల్లాకి పేరే మార్చేశారు. ఓటు కూడా లేని ఆడవాళ్లు ఒక పార్టీని ఓడించారని తిట్టారు. దేనికీ పనికిరారన్నవాళ్లే, ఇంత పని చేశారని తిట్టడం!

అయితే నింద మొత్తం వాళ్లదేనా? న్యాయంగా చూస్తే కాదు. అదే న్యూయార్క్‌లో బట్లర్ అనే మరో చిన్న పార్టీ అభ్యర్థికి సుమారు 17 వేలు వచ్చాయి. అవి చాలావరకు క్లీవ్‌లాండ్‌కి పడాల్సినవంటారు. బ్లేన్ నిజాయితీ మీద అనుమానంతో సొంత పార్టీలో పెద్దమనుషులే ఎదురు తిరిగారు. పోలింగుకి వారం ముందు ఆయన పక్కనే ఉన్న ఒక మతగురువు క్యాథలిక్కుల మీద నోరు జారితే, ఐరిష్ ఓటర్లు మండిపడ్డారు. వెయ్యి ఓట్ల తేడా ఉన్నచోట ప్రతి కారణమూ కారణమే. ఇంట్లో పాలు పొంగిపోతే ఆఖరుగా వంటింట్లోంచి వచ్చినవాళ్లని అన్నట్టు, చివరికి చిన్న పార్టీనే అంటాం.

పైగా ప్రతిసారీ అలాగే అవ్వదు. 1888లో మద్యనిషేధ పార్టీ అభ్యర్థికి న్యూయార్క్‌లో సుమారు 30 వేలొచ్చాయి. అయినా అక్కడ రిపబ్లికన్ హారిసనే నెగ్గాడు, దేశాధ్యక్షుడూ అయ్యాడు. మూడో మనిషి ఓట్లు గెలుపోటముల్ని మార్చేది, మిగతా ఇద్దరి మధ్య తేడా వెంట్రుకవాసి అయినప్పుడే.

విలార్డ్ కూడా మూల్యం చెల్లించింది. ఎలెన్ ఫాస్టర్ వర్గం 1889లో విడిపోయి, ఏ పార్టీకీ చెందని వేరే సంఘం పెట్టుకుంది. ఆమెలో లోపాలు లేవనీ చెప్పను. దక్షిణాది తెల్లవాళ్ల మెప్పు కోసం నల్లజాతి మగవాళ్ల తాగుడు గురించి చులకనగా మాట్లాడింది. ఐడా వెల్స్ అనే నల్లజాతి పాత్రికేయురాలు ఆమెని నిలదీసింది. ఆ నిలదీత న్యాయమైనదే.

కానీ ఆమె చేసిన పనులు ఎన్నికలతో ఆగలేదు. అప్పట్లో చాలా రాష్ట్రాల్లో ఆడపిల్ల సమ్మతి వయసు పదేళ్లు! దాన్ని పెంచడానికి సంఘం చేత ఊరూరా సంతకాలు పెట్టించింది, చాలా రాష్ట్రాలు పెంచాయి. 1886లో అమెరికా వెళ్లిన మన పండిత రమాబాయి ఆమెకి స్నేహితురాలై ఆ సంఘంలో చేరింది. యాభై దాటాక సైకిల్ నేర్చుకుని, దాని మీద 1895లో ఓ పుస్తకమే రాసింది. 1898 ఫిబ్రవరి 17న పోయింది. 1905లో అమెరికా చట్టసభ భవనంలో విగ్రహం పెట్టారు. అక్కడి విగ్రహాల మందిరంలో అడుగుపెట్టిన మొదటి మహిళ ఆమే. 1920లో మద్యనిషేధం అమల్లోకొచ్చింది, ఆడవాళ్లకి ఓటూ వచ్చింది. నిషేధం 1933లో పోయింది. ఓటు మిగిలింది. మన దగ్గరా అంతేగా! 1993లో సారా పోయింది, 1995లో మద్యం పోయింది, 1997లో మళ్లీ వచ్చి కూర్చుంది.

మా వార్డు సంగతి చెప్పలేదు కదూ? నేను ఆ మూడో ఆవిడకే ఓటేశాను. ఆవిడ ఓడిపోయారు. మావారు భయపడ్డట్టే, మాకు నచ్చని ఆయనే గెలిచాడు. గెలుపు తేడా కన్నా ఆవిడకొచ్చిన ఓట్లే ఎక్కువ. ఆ సాయంత్రం మావారు ఏమీ అనలేదు, పేపరు మడిచి నా ముందు పెట్టారంతే. దుకాణం ఇంకా సందు చివరే ఉంది. నాకు ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

చేసింది తప్పా ఒప్పా అంటే ఇప్పటికీ తడుముకుంటాను. ఓడిన పెద్ద పార్టీ మనిషి మా వీధిలోకి ఒక్కసారైనా వచ్చి ఆ దుకాణం మాటెత్తి ఉంటే, నా ఓటు అటే పడేదేమో. అది అడగడం మాత్రం ఎవరికీ తోచదు. చీల్చారని మమ్మల్ని తిట్టుకుంటున్నారని విన్నాను. కానీ ఓటు మురిగిపోయిందని మాత్రం నేను ఒప్పుకోను. నిజంగా మురిగిపోయిన ఓటైతే, దాన్ని ఇంతమంది కూడికలు తీసివేతలు వేసి లెక్కపెట్టుకోరు కదా!