ఫ్లెమింగు చూసిన వలయం

మొన్న ప్రాక్టికల్సులో నా ప్లేటు మీద పెన్సిలిన్ బిళ్ళ చుట్టూ వలయం రాలేదు. ఏదో తప్పు చేశాననుకుని మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే! స్టెఫిలోకాకస్ బిళ్ళ అంచుదాకా దర్జాగా పెరిగింది. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగు పళ్ళెంలో బూజు చుట్టూ కరిగిపోయింది కూడా ఈ స్టెఫిలోకాకస్సే. ఆ సాయంత్రమే ఆయన జీవితం చదవడం మొదలెట్టాను.

ఆయన 1881లో స్కాట్లాండులో రైతు కుటుంబంలో పుట్టాడు. లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో చదివి అక్కడే స్థిరపడ్డాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులో సైనికుల గాయాలు పరీక్షిస్తూ, లోతు గాయాల్లో పోసే క్రిమిసంహారక మందులు క్రిములకంటే రోగి తెల్లకణాలకే ఎక్కువ చేటు చేస్తున్నాయని గ్రహించాడు. పెన్సిలిన్ దొరికినప్పుడు అది తెల్లకణాల జోలికి పోతుందా అని పరీక్షించింది ఆ అనుభవంతోనే కాబోలు. దాన్ని మందుగా మలచిన కష్టం మాత్రం ఆక్స్‌ఫర్డులోని ఫ్లోరీ, చెయిన్ బృందానిది. 1945లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది.

అంత సన్మానవేళ కూడా ఆయన ఒక చేదుమాట చెప్పడం మానలేదు. చాలీచాలని మోతాదులో వాడితే క్రిములు చావకపోగా మందుకు అలవాటుపడతాయనీ, అవి పక్కవాళ్ళకు అంటితే వాళ్ళ ప్రాణాలే పోవచ్చనీ హెచ్చరించాడు. జ్వరం తగ్గగానే మాత్రలు ఆపేసి, మిగిలినవి రూమ్మేటుకు దానం చేసిన ఘనుణ్ణి నేను. ఆ పేజీ దగ్గర కాసేపు ఆగిపోయాను.

అయితే ఆయన ఊహించినదానికన్నా ఆసుపత్రుల్లో జరిగింది మరో రకం. లండన్లోనే హామర్‌స్మిత్ ఆసుపత్రిలో డాక్టర్ మేరీ బార్బర్ రోగుల నుంచి తీసిన స్టెఫిలోకాకస్‌ను పరీక్షించింది. పెన్సిలిన్‌కు లొంగనివి 1946లో నూటికి 14, 1947లో 38, 1948లో 59! ఇవి ఆ రోగి ఒంట్లోనే మందుకు అలవాటుపడినవి కావు. పెన్సిలిన్‌ను విరిచేసే ఎంజైము ముందే కలిగిన జాతులు. మందు మామూలు క్రిముల్ని చంపి వీటికి చోటు ఖాళీ చేసింది. ఇక వార్డులో మంచం నుంచి మంచానికి పాకడమే. రోగి ఒక్క మాత్ర తప్పకుండా మింగినా పక్క మంచం నుంచి వచ్చేదాన్ని ఏం చేస్తాడు? ఇది ఫ్లెమింగు మాటకు నేను కలుపుకున్న సందేహం.

ఫ్లెమింగు 1955 మార్చిలో గుండెపోటుతో మరణించాడు. హామర్‌స్మిత్‌లో పెన్సిలిన్ వాడకానికి కళ్ళెం వేసి, వార్డులో అంటు సోకకుండా జాగ్రత్తలు బిగిస్తే లొంగని క్రిములు తగ్గాయని బార్బర్ బృందం ప్రకటించింది 1960లో. అది వినడానికి ఆయన లేడు.