చన్నీటి వైద్యుడు ప్రీస్నిట్జ్

మోకీలు మార్పిడి శస్త్రచికిత్స జరిగిన వారిని ఐస్ ప్యాక్ పెట్టుకొమ్మని వైద్యులు చెబుతారు. మన పల్లెలలో చాలామందికి ఈ మాట మింగుడుపడదు. నొప్పి అనగానే ఉప్పుమూట కాపడమే మనకు తెలుసు. చల్లదనం తగిలితే వాతం చేస్తుందని పెద్దల భయం. వాచిన అవయవానికి చల్లదనం హితమన్న సంగతి గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ కాలానికే తెలిసినది. అయితే దానిని ఐరోపాలో సామాన్య జనుల ఇళ్లకు చేర్చినవాడు వైద్యవిద్య ఏమాత్రం చదవని ఒక సేద్యగాడు. ఆయన పేరు విన్సెంజ్ ప్రీస్నిట్జ్.

ప్రీస్నిట్జ్ 1799 అక్టోబరు 4న ఆస్ట్రియా పాలనలోని సైలీసియాలో, గ్రేఫెన్‌బర్గ్ అనే కొండపల్లెలో జన్మించాడు. ఆ ప్రాంతం నేడు చెక్ రిపబ్లిక్‌లో ఉన్నది. తండ్రి చూపు కోల్పోవడంతో పొలం పనుల భారం బాల్యంలోనే ఆయనపై పడింది. చదువు అంతంతమాత్రమే. గాయపడిన ఒక జింక ఊటనీటిలో కాలు తడుపుకోవడం చూసి నీటి మహిమను గ్రహించాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. అది ఎంతవరకు నిజమైనా, ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది మాత్రం జింక కాదు, బండి.

ఇరవై ఏళ్లు నిండకముందే ఆయన బండి ప్రమాదంలో చిక్కుకొని ప్రక్కటెముకలు విరగగొట్టుకున్నాడు. ఇక కోలుకొని పని చేయలేడని వైద్యుడు తేల్చాడు. యువకుడు ఊరుకోలేదు. కుర్చీకి పొట్టను బలంగా ఆనించి, ఊపిరి బిగబట్టి, ఎముకలను తానే సరిచేసుకున్నాడు. చన్నీటిలో తడిపిన గుడ్డలు చుట్టుకొని, వాటిని మాటిమాటికి మార్చుకున్నాడు. కొంతకాలానికి తిరిగి పొలానికి వెళ్లాడు.

ఆ తడిగుడ్డ చేసిన పనికి కారణం నేడు మనకు తెలుసు. చల్లదనానికి చర్మం క్రింది రక్తనాళాలు సంకోచిస్తాయి, వాపు పెరగదు. నాడులు నొప్పిని మోసే వేగం మందగిస్తుంది. ప్రీస్నిట్జ్‌కు ఈ శాస్త్రం తెలియదు, ఫలితం మాత్రమే తెలుసు.

ఇరుగుపొరుగు వారు రాసాగారు. వైద్యులకు కంటగింపయింది. రోగుల ఒళ్లు తుడిచే స్పాంజీలలో ఏదో మర్మమున్నదని ఆరోపించారు. వాటిని కోసి చూస్తే నీరు తప్ప మరేమీ కనిపించలేదు. 1829లో వ్యాజ్యం నడిచి శిక్ష పడింది, పై విచారణలో అది రద్దయింది. పదేళ్లు తిరిగేసరికి 1839లో ఒక్క ఏడాదిలోనే వెయ్యిన్నరకు పైగా రోగులు ఆ కొండకు వచ్చారు. వారిలో రాజవంశీయులు కూడా ఉన్నారు. రష్యన్ రచయిత గొగోల్ కూడా తరువాతి కాలంలో అక్కడికి వెళ్లినవాడే. ఎంతటివారికైనా తడిదుప్పట్లు, జలధారలు, కొండనడక, సాదా తిండి తప్పవు. 1846లో ఆస్ట్రియా చక్రవర్తి ఆయనకు స్వర్ణపతకం ఇచ్చాడు.

అయితే ఆయన ఒక నిజాన్ని పట్టుకొని హద్దు దాటించాడనే నా అభిప్రాయం. సకల రోగాలకు నీరే మందన్నాడు. చర్మంపై లేచే పొక్కులను సైతం రోగం వెళ్లిపోతున్న శుభసూచనగా ఎంచాడు. విరిగిన ప్రక్కటెముకకు పనికివచ్చినది ప్రతి జబ్బుకూ పనికిరాదు.

మోకీలు విషయంలోనూ ఈ హద్దు తెలిసి ఉండాలి. కుట్లున్న గాయం తడవరాదు. కనుక ప్రీస్నిట్జ్ తడిగుడ్డను అక్కడ నేరుగా చుట్టకూడదు. ఐస్ ప్యాక్‌కు, చర్మానికి నడుమ పొడిగుడ్డ ఉంచి, పదిహేను ఇరవై నిమిషాలకు మించకుండా పెట్టి తీసివేయాలి. రెండు మూడు గంటలు గడిచాక మళ్లీ పెట్టవచ్చు. మధుమేహం వలన కాళ్లలో స్పర్శ తగ్గినవారికి మంచు కాల్చినా తెలియదు, వారు వైద్యుని అడిగిన తరువాతే వాడాలి. తొలి దినాలలో వేడికాపడం వాపును పెంచుతుంది. చల్లదనం వలన నొప్పి తగ్గుదల కొద్దిపాటిదేనని పరిశోధనలు చెబుతున్నాయి. మందులను, వ్యాయామాన్ని మానడానికి అది చాలదు. పిక్క వాచి నొప్పి పుట్టినా, జ్వరం వచ్చినా, గాయం నుండి చీము కారినా ఐస్‌తో కాలయాపన చేయక ఆసుపత్రికి వెళ్లాలి. ఆసుపత్రి చీటీ మనకు రాని భాషలో ఉంటే ఇంటికి బయలుదేరే ముందే చదివించుకోవడం మంచిది. సరిహద్దు ఊళ్లవారికి ఈ అవసరం మరీ ఎక్కువ.

ప్రీస్నిట్జ్ 1851 నవంబరు 28న, 52వ ఏట మరణించాడు. ఆయన సమాధి మందిరం ఆ కొండపైనే ఉన్నది. ఆయన పేరిట జలచికిత్సాలయం నేటికీ నడుస్తున్నది. తాను పుస్తకమేదీ రాయలేదు. ఆ బాటలోనే సాగిన జర్మన్ ప్రకృతివైద్యుడు లూయీ కూనే మాత్రం పెద్ద గ్రంథం రాశాడు. దానిని ద్రోణంరాజు వేంకటాచలపతి శర్మ 1894లో తెలుగులోకి తెచ్చారు. తొట్టిస్నానం, తడిపట్టీ మన ఇళ్లకు చేరిన దారులలో అది ఒకటి.