గగనేంద్రనాథ్: జొరాసాంకో ఇంట్లో క్యూబిజం

1922 డిసెంబర్. కలకత్తాలో ఒక చిత్ర ప్రదర్శన మొదలైంది. జర్మనీలోని బౌహౌస్ నుంచి క్లే, కాండిన్‌స్కీ వంటి వాళ్ల పనితనం సముద్రం దాటి వచ్చింది. వాటితో పాటే అక్కడ ఒక స్థానికుడి బొమ్మలూ ఉన్నాయి. ఆయన పేరు గగనేంద్రనాథ్ ఠాగూర్. అప్పటికి వయసు యాభై అయిదు.

రవీంద్రనాథ్ చిన్నాన్న గిరీంద్రనాథ్‌కు మనవడు ఆయన. 1867లో జొరాసాంకోలో పుట్టాడు. తమ్ముడు అవనీంద్రనాథ్‌కే చిత్రకారుడిగా పేరెక్కువ. తండ్రి చిన్నతనంలోనే పోవడంతో ఇంటి బరువు అన్నగారి మీద పడింది. బొమ్మలు వేయడంలో ఆయనకు పెద్ద శిక్షణేమీ లేదు. జపాన్ చిత్రకారులు ఇంటికి అతిథులుగా వచ్చినప్పుడు వాళ్ల కుంచె తీరును దగ్గర నుంచి చూశాడు. 1912లో రవీంద్రుడి ఆత్మకథకు బొమ్మలు వేశాడు. 1917 నుంచి లితోగ్రాఫ్ వ్యంగ్యచిత్రాల సంపుటాలు తెచ్చాడు. దొరల వేషం కట్టిన బాబులనూ, ఆచారం పేరుతో బతికే పురోహితులనూ వాటిలో వదల్లేదు. నా మటుకు ఆయన ధైర్యం క్యూబిస్టు బొమ్మల కంటే వీటిలోనే ఎక్కువ కనిపిస్తుంది.

క్యూబిజం పుట్టింది పారిస్‌లో, 1907-08 ప్రాంతంలో. సెజాన్ చూపిన దారిలో పికాసో, బ్రాక్ ఒక వస్తువును ఒకే చోట నిలబడి చూడటం మానేశారు. ముందు, పక్క, పైన అన్నిటినీ ముక్కలు చేసి ఒకే తలం మీద పరిచారు. రంగులు గోధుమ, బూడిద ఛాయలకు కుదించుకుపోయాయి. గిటారు, సీసా, మనిషి ముఖం అన్నీ కోణాలే అయ్యాయి.

గగనేంద్రుడు ఆ కోణాలను తీసుకున్నాడు గానీ వాటితో చేసిన పని వేరు. వస్తువును విడగొట్టి పరిశీలించడం ఆయనకు పట్టలేదు. ఆయన ముక్కల మధ్య నుంచి వెలుగు దూసుకొస్తుంది. మెట్లు, తలుపులు, స్తంభాలు ఎటు పోతాయో తెలియదు. కృష్ణుడి ద్వారకను కూడా అలాగే వేశాడు. చిన్న కాగితం మీద నీటిరంగులతో, నాటక రంగస్థలంలా. ఆ ఇంట్లో నాటకాలకు కొదవ లేదు కదా.

ఇది అనుకరణేనా? 1922లోనే స్టెల్లా క్రామ్రిష్ ఆయనను భారతీయ క్యూబిస్టుగా గుర్తించి రాసింది. 1959లో ఆంగ్ల విమర్శకుడు ఆర్చర్ మాత్రం పికాసో కొలబద్దతో కొలిచి, బలం లేదని తేల్చేశాడు. ఆఫ్రికా శిల్పం నుంచి పికాసో తీసుకుంటే ఆవిష్కరణ, పారిస్ నుంచి కలకత్తా తీసుకుంటే నకలు! ఈ లెక్కను పార్థ మిత్తర్ వంటి చరిత్రకారులు తర్వాత గట్టిగానే ప్రశ్నించారు.

అప్పటికి సమాధానం చెప్పడానికి గగనేంద్రుడు లేడు. 1930లో పక్షవాతం ఆయన మాటనూ కుంచెనూ లాగేసుకుంది. ఎనిమిదేళ్లు అలాగే గడిపి, 1938 ఫిబ్రవరి 14న కన్నుమూశాడు.