చింతామణి రఘునాథాచారి

తమిళదేశమున పంచాంగములు రెండు తెగలు. ఒకటి వాక్యపంచాంగము, రెండవది తిరుక్కణితము, అనగా దృగ్గణితము. ఒకే ఏకాదశి ఒక్కొక్కప్పుడు ఒక యింట నేడును, పొరుగింట రేపును వచ్చుటకు ఈ భేదమే కారణము. ఈ వివాదమున కంటికి కానవచ్చు ఆకాశమునే ప్రమాణముగా గొన్న విద్వాంసులు చింతామణి రఘునాథాచారిగారు.

వారిది పంచాంగకర్తల వంశము. ఆ విద్య సామాన్యమైనది కాదు. చంద్రగతికి 248 వాక్యములు గలవు. కటపయాది సంజ్ఞలచే ఒక్కొక్క వాక్యము ఒక్కొక్క దినపు చంద్రస్థానమును తెలుపును. అట్టి వాక్యములను కంఠస్థము చేసి, నేలపై గవ్వలు పేర్చి, గ్రహణకాలమును గణించిన దైవజ్ఞులు దక్షిణదేశమున నుండిరి. ఎక్కములకే అలసిపోవు మన బాలురకు ఇది వింతగా దోచును. అయితే ఆకాశముతో సరిచూడక విడిచిన గణితమున చిన్న దోషము సైతము శతాబ్దములు గడచినకొలది పెరుగును.

చెన్నపట్టణమున నుంగంబాకము వేధశాలలో ఆచారిగారు కొలువు చేసి, ప్రథమ సహాయకులైరి. 1867లో రెటిక్యులమ్ అను దక్షిణ నక్షత్రమండలమున వెలుగు హెచ్చుతగ్గులగు తార నొకదానిని కనుగొనిరి. చెన్నపట్టణమున నది క్షితిజమునకు సుమారు 14 అంశలకు మించి పైకి రాదు. ఎంత ఓరిమి కావలెనో ఊహింపుడు! 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు వేధశాలాధిపతి పోగ్సన్ బందరు చేరగా, ఆచారిగారు మన వనపర్తికి వచ్చిరి. 1872లో లండను రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యులైరి. 1874 డిసెంబరు 9నాటి శుక్రసంక్రమణమును గూర్చి ఇంగ్లీషుననేగాక దేశభాషలలోను గ్రంథము వెలయించిరి.

వేధశాలలో నేర్చినదానిని వారు ఇంటి విద్యకు తెచ్చి, దృగ్గణిత పంచాంగమును ప్రకటించిరి. ఇది తేలికపని కాదు. తిథి మారినచో తండ్రి శ్రాద్ధము మారును, వ్రతము మారును. పూర్వుల ఆచారమునే తప్పుపట్టినట్లు పలువురకు తోచును. నిజమునకు దృష్టికి సరిపడునట్లు గణితమును సవరించుట కొత్త మతము కాదు. కేరళమున పరమేశ్వరుడు 1431లోనే దృగ్గణితమను గ్రంథమును రచించియుండెను.

1880 ఫిబ్రవరి 5న ఆచారిగారు స్వర్గస్థులైరి. వివాదము మాత్రము అణగలేదు. దృగ్గణితము ప్రకారము శని 2025 మార్చి 29న మీనమున ప్రవేశింపగా, తిరునల్లారు శనీశ్వరాలయమువారు వాక్యము ననుసరించి ఆ ఉత్సవము 2026లోనే యని ప్రకటించిరి.